ఈతకొలనులో ఇరుగుపొరుగు

ఈత వినోదమాత్రము కాదు. అది ప్రాణమును కాచు విద్య. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ననుసరించి 2021వ సంవత్సరమున లోకమంతటను సుమారు 3,00,000 మంది నీట మునిగి మరణించిరి. వారిలో ఇంచుమించు నాలుగవవంతు ఐదేండ్లు నిండని పసివారు. ఆ సంవత్సరముననే ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ జూలై 25వ తేదీని మునకల నివారణకై ప్రత్యేకదినముగా ప్రకటించెను. కావున ప్రతి బాలుడును, ప్రతి బాలికయు ఈత నేర్వవలసినదే.

మన తాతలు నడుమునకు బెండ్లుగాని ఎండిన సొరకాయబుర్రలుగాని కట్టుకొని దిగుడుబావులలోను, చెరువులలోను ఈత నేర్చిరి. పట్టణమున పెరుగుచున్న మనకు ఆ బావులు లేవు. చెన్నపట్టణమున మెరీనా తీరమునందలి కార్పొరేషను ఈతకొలను వంటి ప్రజల కొలనులే మనకు దిక్కు. అచట మోకాళ్ళనొప్పి తగ్గుటకై ఈదు వృద్ధుడును, పందెములకు సిద్ధపడు యువకుడును, నిన్ననే పలక విడిచిన బాలికయు ఒకే నీటిలో ఉందురు. అందరును రుసుము చెల్లించినవారే. అందరికిని నీటిపై సమానమైన హక్కు కలదు. ఆ హక్కును ఒకరికొకరు అడ్డుపడక అనుభవించుట ఎట్లు? ఇదియే నేటి పాఠము.

నియమములు ఏల?

వీధిలో ఎదురైనవానిని "తప్పుకొనుడు" అని అడుగవచ్చును. నీటిలో అట్లు కాదు. ఈదువాని నోరు పలుకదు, చెవి వినదు, కన్ను కొలను అడుగును చూచుచుండును. మనము ఇంట తెలుగును, వీధిలో తమిళమును మాటలాడుదుము. నీటిలో ఆ రెండును పనికిరావు. అచట అందరికిని తెలిసిన భాష ఒక్కటే: ముందుగా ఒప్పుకొన్న నియమము. అది తెలిసినవాడు ఏ ఊరి కొలనులో దిగినను పరాయివాడు కాడు.

కొలను స్వరూపము

ఒలింపిక్ ఈతపందెములు 1896లో ఏథెన్సు నగర సమీపమున సముద్రములోను, 1900లో పారిసున సేన్ నదిలోను జరిగినవి. 1924లో పారిసున 50 మీటర్ల కొలనును తాళ్ళతో బాటలుగా విభజించిరి. ఈ బాటలనే నేడు లేనులని వ్యవహరింతురు. పందెపు కొలనులో ఒక్కొక్క బాట వెడల్పు 2.5 మీటర్లు. చేతులు చాచిన పెద్దవాడు అందులో సగమునకు మించిన స్థలమాక్రమించును. ఇద్దరు ఎదురెదురుగా పోవలెనన్న ఇద్దరును ఒదిగి ఈదవలసినదే. బాట నడుమ అడుగున కనబడు నల్లని గీత దారి చూపును. గోడకు 2 మీటర్ల ముందు అది అడ్డుగీతతో ముగిసి గోడ దగ్గరపడినదని తెలుపును. వెల్లకిల ఈదువారికి ఆ గీత కనబడదు కనుక, గోడకు 5 మీటర్ల దూరమున పైన చిన్న జెండాలు కట్టుదురు.

దిగుటకు ముందు

ముందుగా స్నానము చేయవలెను. తలకు కొబ్బరినూనె రాచుకొను అలవాటు మనకు మంచిదే; కాని ఆ నూనెతో కొలనులో దిగరాదు. కొలనునీటిలో క్రిములను చంపుటకు క్లోరిను కలుపుదురు. చెమట, మూత్రము మొదలగునవి ఆ క్లోరినుతో కలిసినపుడు క్లోరమినులను పదార్థములు పుట్టును. కన్నులు మండుటకును, ఘాటైన వాసనకును ఇవియే ముఖ్యకారణములు. క్లోరిను ఎక్కువైనదని మనము నిందింతుము. నిజమునకు స్నానము చేయని మనుష్యులు ఎక్కువైరి! విరేచనములతో బాధపడువారు ఎంతమాత్రము దిగరాదు. ఆ వ్యాధిక్రిములలో కొన్ని క్లోరిను నీటిలో సైతము దినములకొలది బ్రతికియుండును.

బాట నెన్నుకొనుట, ప్రవేశించుట

అనేక కొలనులలో మందగతి, మధ్యగతి, శీఘ్రగతి అని బాటలను ఏర్పరతురు. మన గొప్పనుబట్టి కాక, ఆ దినమున మన వేగమును బట్టి బాట నెన్నుకొనవలెను. జ్వరము తగ్గి వచ్చిన వేగగాడు మందగతి బాటలో ఈదుట చిన్నతనము కాదు.

అదివరకే ఒకరు ఈదుచున్న బాటలోనికి దూకరాదు. గట్టుపై కూర్చుండి, వారు గోడకు వచ్చి మనలను చూచినపిమ్మట, ఒక మాట చెప్పి, కాళ్ళు ముందుగా దిగవలెను. లోతు తక్కువైన చోట తలక్రిందుగా దూకినవారికి మెడ విరిగిన సందర్భములు కలవు.

ఇద్దరే యున్నపుడు బాటను నిలువున రెండుగా పంచుకొని చెరియొక పక్క ఈదవచ్చును. మూడవవాడు వచ్చినచో అందరును ఒక పక్క పోయి రెండవ పక్క తిరిగి రావలెను. మన రహదారులపై వలె ఎడమ పాటించు కొలనులు కొన్ని, అమెరికాలో వలె కుడి పాటించునవి కొన్ని. గోడమీది పలకను చదువవలెను. పలక లేనిచో ఈదుచున్నవారి తీరును గమనించి అనుసరింపవలెను. మూడవవాడు చెప్పకయే దిగినచో, తిరిగి వచ్చువాడు అతని తలకు తల కొట్టుకొనును.

ఎడము ఉంచుట

ఒక లెక్క చూడుడు. కొలను పొడవు 25 మీటర్లు. రాముడు దానిని 40 సెకండ్లలోను, సోముడు 30 సెకండ్లలోను దాటుదురు. రాముడు బయలుదేరిన 5 సెకండ్లకు సోముడు బయలుదేరినచో, పన్నెండున్నర మీటర్ల వద్ద, అనగా సరిగా కొలను నడుమ, అతని కాళ్ళపై పడును. 10 సెకండ్లు ఆగినచో ఇద్దరును గోడవద్దనే కలియుదురు. అచట దారి ఇచ్చుట సులభము. ఐదు సెకండ్ల ఓపిక ఒక తగవును తప్పించినది.

దాటిపోవుట

ముందువానిని దాటవలెనన్న పాదమును వ్రేళ్ళతో ఒక్కసారి తేలికగా తాకుదురు. మన ఆచారమున పరుల పాదములు తాకుట మ్రొక్కుటకు. ఈతలో దానికి "దయచేసి దారి ఇండు" అని అర్థము. కాలు పట్టి లాగుట మహాపరాధము. పరిచయము లేని స్త్రీలను, పిల్లలను తాకక గోడవరకు ఆగి, నోటితో అడుగుటయే మర్యాద. సంజ్ఞ నందుకొన్నవాడు నడుమ నిలువక గోడవరకు ఈది, మూలకు ఒదిగి, వెనుకవానిని పోనీయవలెను. దాటుటకు వేగముండిన చాలదు; ఎదురుగా ఎవరును రాకుండుటయు కావలెను.

గోడవద్ద అలసట తీర్చుకొనువారు మూలనే నిలువవలెను. నడుమ భాగము మలుపు తిరుగువారిది. గోడకు చేరువగు వేగగాని ముందు హఠాత్తుగా బయలుదేరరాదు. కప్పఈత ఈదువారు ఎదుటివాడు దాటునపుడు కాళ్ళు ముడుచుకొనవలెను. సీతాకోకచిలుక ఈతను రద్దీవేళ మానుటయే మేలు. తాళ్ళపై కూర్చుండుట, ఊగుట తగదు. పొరపాటున చేయి తగిలినచో గోడవద్ద ఒక్క మంచిమాట చాలును.

బలవంతుని ధర్మము

వేగముగా ఈదువారు కొలను తమదే అనుకొనుట కద్దు. ఇది అన్నిటికంటె పెద్ద దోషము. క్రొత్తగా నేర్చు పిల్లవానిని ఒకడు మోటుగా త్రోసినచో, ఆ పిల్లవాడు నీళ్ళు మింగి, బెదరి, మరల రాడు. ఈత రాకయే పెరిగి ఒకనాడు ఏటిలోనో సముద్రములోనో కాలుజారినచో? ఆనాటి ఆపదకు మూలము ఈనాటి మోటుతనమే. నేర్చినవాడు నేర్వనివానికి చోటిచ్చుట దయ కాదు, ధర్మము. మందముగా ఈదువారికిని ధర్మము కలదు: పక్కకు ఒదుగుట, పిలుపు నందుకొనుట.

తల్లిదండ్రులకు ఒక మాట

కొలనువద్ద నియమముల పలకలు తరచుగా తమిళములోను, ఆంగ్లములోను ఉండును. దిగుటకు ముందు పిల్లలతో కలిసి వానిని చదివి, ఇంటిభాషలో విడమరచి చెప్పుడు. తెలుగులో తెలిసిన నియమము భయపడిన వేళ త్వరగా గుర్తునకు వచ్చును. గట్టుపైనుండి "ఇంకను వేగముగా" అని కేకలు వేయకుడు; మీ బిడ్డ ముందు మరియొకరి బిడ్డ ఈదుచున్నది. లైఫ్‌గార్డు ఎంత నేర్పరియైనను, చిన్నపిల్లలపై మీ కన్ను తొలగరాదు.

విద్యార్థులారా! మాట వినబడని చోట మర్యాదయే మాటలాడును. ఒక సన్నని బాటను నలుగురితో పంచుకొని ఈదగలిగినవాడు వీధిని, బడిని, ఊరిని పంచుకొని బ్రతుకుట కూడ నేర్చినవాడే.

అభ్యాసము

1. కొలనునీటిలో కన్నులు మండుటకు ముఖ్యకారణమేమి? దానిని తగ్గించుటకు మనమేమి చేయవలెను?
2. బాటలోనికి మూడవవాడు వచ్చినపుడు ఈదు పద్ధతిని ఏల మార్చవలెను?
3. పై లెక్కలో సోముడు 35 సెకండ్లలో కొలను దాటువాడైనచో, గోడవద్దనే కలియుటకు అతడు ఎన్ని సెకండ్లు ఆగవలెను?
4. మీ ఊరి కొలనుకు పది నియమములు వ్రాసి, తెలుగు తెలియని మీ స్నేహితునికి అతని భాషలో చెప్పుడు.