కొమ్మ నేర్పిన పాఠము

మా రెడ్డిగూడెమునుండి కొండపల్లి అడవికి పోయి, కొండబాటను నడచుచు చెట్లకు పిట్టలకు ఫోటోలు తీయుట మాకు మిక్కిలి యిష్టము. మొన్న ఫోటోకు అడ్డముగా నున్నదని యొక కొమ్మను విరువబోతిమి. తోడు వచ్చిన సంఘపెద్ద, "అయ్యగారూ, ఆగండి! అది పొణికి చెట్టండి" అనెను. కొండపల్లి బొమ్మలు చేయునది తేలికయైన ఆ కఱ్ఱతోనే. నరికినంతగా మరల పెరుగనందున ఆ చెట్లు నేడు అరుదైనవి. మేము సిగ్గుపడితిమి.

ఆదికాండము 2:15 చదివి చూడుడి. దేవుడు నరుని తోటలో నుంచినది ఫలములు తినుటకు మాత్రమే కాదు, దానికి కావలి యుండుటకును. చూచి ఆనందించుట సులభము. కాపాడుటయే మన పని. ఈ వానలకు ఇంటికొక మొక్క నాటి, వచ్చు వేసవి దాటువరకు నీళ్లు పోయుదము.