పనికిరాని ముచ్చట్లు బుర్ర నిండా ఉంటే జబ్బా?

సందేహాలు - సమాధానాలు

షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ వైపు నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దోస్తుల మధ్య చెప్పుకునే వింత సంగతుల గురించే. అందుకే ఒక్కచోట చేర్చాను. ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. చందన్‌వెల్లి పారిశ్రామికవాడలో షిఫ్టు పని. సాయంత్రం షాబాద్‌లో చాయ్ హోటల్ దగ్గర దోస్తులం కలిస్తే నా నోట్లోంచి ఇవే వస్తాయి. ఆక్టోపస్‌కు మూడు గుండెలని, ఆస్ట్రేలియాలో వాంబాట్ అనే జంతువు పెంటికలు నలుపలకలుగా పడతాయని. వాళ్లు నాకు 'గూగుల్ బాబా' అని పేరు పెట్టారు. బండి ఇన్సూరెన్స్ తేదీ మాత్రం గుర్తుండదు, మొన్న చలాన్ పడింది. పనికొచ్చేది పోయి పనికిరానిది నిలుస్తోందంటే మెదడులో ఏదో తేడా ఉన్నట్టే కదా?

జవాబు: మీ మెదడు నిక్షేపంలా ఉంది, ముందు ఆ భయం తీసేయండి. ఆశ్చర్యం కలిగించింది మనసులో నిలుస్తుంది, ఇన్సూరెన్స్ తేదీలో ఆశ్చర్యపడడానికి ఏముంది చెప్పండి! 2014లో అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలాంటి చిల్లర ప్రశ్నలతోనే ఒక ప్రయోగం చేశారు. జవాబు కోసం ఆత్రంగా ఎదురుచూస్తున్న ఆ కొద్ది సెకన్లలో, ప్రశ్నతో ఏ సంబంధమూ లేని ఒక మొహాన్ని తెర మీద చూపిస్తే, ఆ మొహం కూడా తర్వాత బాగానే గుర్తుంది. తేదీల సంగతి ఫోన్ అలారానికి అప్పగించండి. రోజూ పోయే దారి తప్పడం, చేతికి అలవాటైన పనిలో వరస మరిచిపోవడం, ఇంట్లోవాళ్ల పేర్లు తట్టకపోవడం లాంటివి ఉంటే మాత్రం డాక్టర్‌కు చూపించుకోండి.

ప్రశ్న: మాది షాబాద్. ఇళ్లల్లో పరిచే షాబాద్ బండలు మా ఊరివేనని చిన్నప్పటి నుంచి అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. పెళ్లిలో మా బావమరిది పదిమంది ముందు అది తప్పని ఫోన్ తీసి చూపించాడు. అందరూ నవ్వారు. అప్పటి నుంచి దోస్తుల దగ్గర నోరు తెరవాలంటే గొంతు పట్టేస్తోంది. నాకు తెలిసినవన్నీ ఇలాగే అబద్ధాలేమో అనిపిస్తోంది.

జవాబు: ఆ పెళ్లిలో ఎవరికీ ఈపాటికి అది గుర్తుండి ఉండదు, గుర్తున్నది మీకొక్కరికే. మీ బావమరిది చెప్పింది నిజమే. ఆ సున్నపురాయికి పేరు వచ్చింది కర్ణాటకలో కలబురగి దగ్గరున్న షాబాద్ నుంచి, మన షాబాద్ నుంచి కాదు. మనవైపు నుంచి పోయే బండ తాండూరుది. కానీ మీ పొరపాటు మీ ఒక్కరిదీ కాదు. ఊరి పేరు, రాయి పేరు ఒకటే అయినప్పుడు రెంటినీ కలపకుండా ఎవరుంటారు? పైగా ఒక మాట మళ్లీమళ్లీ చెవిన పడితే అది నిజమేనని అనిపించడం మనిషి స్వభావమని 1977లోనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూపించారు. బాగా చదువుకున్నవాళ్లూ దీనికి అతీతులు కారు. చంద్రుడి మీద నుంచి చైనా గోడ కనిపిస్తుందని ఇప్పటికీ చెప్పే లెక్చరర్లున్నారు, అదీ తప్పే. ఈసారి దోస్తులు కలిసినప్పుడు ఈ బండల సంగతి మీరే ఎత్తండి. రెండు షాబాద్‌ల కథ మీరు ఇన్నాళ్లూ చెప్పినదానికన్నా బాగుంటుంది. మనుషుల్ని తప్పించుకు తిరగడం నెలల తరబడి సాగితే, గుండెదడతో పని మానుకోవాల్సి వస్తే అప్పుడు సలహా తీసుకోవాలి. ఒక్క పెళ్లిలో నవ్వినందుకు వచ్చిన బిడియం దానంతటదే పోతుంది.

ప్రశ్న: మా బాబుకు పదేళ్లు. మొయినాబాద్‌లో చదువుతున్నాడు. శుక్రగ్రహం మీద ఒక రోజు అక్కడి సంవత్సరం కంటే పెద్దదట, అదే పనిగా చెబుతుంటాడు. తోటి పిల్లలు 'మళ్లీ మొదలెట్టాడ్రా' అని పక్కకు పోతున్నారు. ఇది ఆటిజం కావచ్చని మా ఆడపడుచు అంది. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ఒక్క లక్షణం చూసి ఆటిజం అని ఎవరూ చెప్పలేరు, మీ ఆడపడుచే కాదు, నేనూ చెప్పలేను. ఆ వయసులో పిల్లలు వింతలు పోగేసుకోవడం మామూలే. మీ బాబు చెప్పింది నిజం కూడా, శుక్రుడు తన చుట్టూ తాను తిరగడానికి 243 రోజులు, సూర్యుడి చుట్టూ తిరగడానికి 225 రోజులు పడుతుంది. చెప్పేముందు 'ఎంతో చెప్పుకోండి చూద్దాం' అని అడగడం అలవాటు చేయండి, పక్కకు పోయే పిల్లలు ఆగుతారు. మాటలు ఆలస్యంగా రావడం, చిన్నప్పటి నుంచీ కళ్లలోకి చూడకపోవడం, ఎదుటివాళ్లకు విసుగొచ్చిందని అస్సలు గమనించకపోవడం, రోజువారీ క్రమం కొంచెం మారినా తట్టుకోలేకపోవడం - ఇవన్నీ కలిసి ఉంటే పిల్లల ఎదుగుదల నిపుణుడికి ఒకసారి చూపించండి.

ప్రశ్న: మావారు రిటైర్డ్ టీచర్, 66 ఏళ్లు. చేవెళ్లలో ఉంటాం. 1908లో మూసీ వరదలొచ్చాకే గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారని వచ్చినవాళ్లందరికీ చెబుతారు. చెప్పినవాళ్లకే మళ్లీ చెబుతారు. ఇది మతిమరుపు జబ్బుకు మొదలా?

జవాబు: కంగారు పడకండి, మీరు రాసినంతలో అది జబ్బులా లేదు. మనకు విషయం గుర్తుంటుంది, దాన్ని ఎవరికి చెప్పామో గుర్తుండదు. వయసుతో పాటు ఈ తేడా పెరుగుతుంది, టీచర్లకైతే ఏటా కొత్త పిల్లలకు అదే పాఠం చెప్పిన అలవాటు కూడా తోడవుతుంది. ఒక చిన్న పరీక్ష పెట్టండి. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి కదా, ఆ సంవత్సరాలు అడగండి. ఆ తర్వాత పొద్దున ఏం తిన్నారో, నిన్న ఇంటికి ఎవరొచ్చారో అడగండి. పాతవి చెప్పి కొత్తవి చెప్పలేకపోతే, పది నిమిషాల్లో అదే ముచ్చట మళ్లీ మొదలుపెడితే, డబ్బు లెక్క తప్పుతుంటే, తెలిసిన వీధిలో తికమకపడితే న్యూరాలజిస్ట్ దగ్గరకు తీసుకెళ్లండి. థైరాయిడ్, బి12 విటమిన్ తగ్గినా ఇలాగే కనిపిస్తుంది. మామూలు రక్తపరీక్షతో తేలిపోతుంది, మందులతో తగ్గుతుంది. అందుకని డిమెన్షియా అనే మాట విని ముందే దిగులు పడొద్దు.

ప్రశ్న: మాది మొయినాబాద్ దగ్గర పల్లె. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటాను. రాత్రి భోజనాలయ్యాక అందరూ వంతులవారీగా ఒక్కో వింత చెబుతారు. నా వంతు వచ్చేసరికి తెలిసినది కూడా నాలుక చివర ఆగిపోతుంది. నేను మందబుద్ధినా?

జవాబు: కానే కాదు. మాట నాలుక చివర ఆగడం అందరికీ జరిగేదే, 1966 నుంచే శాస్త్రవేత్తలు దాని మీద పరిశోధనలు చేస్తున్నారు. గుర్తుచేసుకోవాలని బలవంతపెట్టకుండా వదిలేస్తే పళ్లు తోముకుంటున్నప్పుడు తడుతుంది. మీ ఊరివైపు సంగతి ఒకటి దగ్గర పెట్టుకోండి: 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ కొండా వెంకట రంగారెడ్డి పుట్టింది మీ మండలంలోని పెద్దమంగళారంలోనే. ఆ రోజు చెప్పాలనిపించకపోతే ఊరకే వినండి, వినేవాళ్లు లేకపోతే చెప్పేవాళ్లకు పనే లేదు. నలుగురిలో కూర్చోవాలంటేనే చెమటలు పట్టి, భోజనానికి కూడా కిందికి రాలేకపోతుంటే కాలేజీ కౌన్సెలర్‌తో మాట్లాడండి.

ప్రశ్న: మా అబ్బాయి గ్రూప్స్‌కు చదువుతున్నాడు. చదువు వదిలి దోస్తులతో ఎందుకూ పనికిరాని సంగతులు మాట్లాడుకుంటూ కూర్చుంటాడు. చెడిపోయినట్టేనా?

జవాబు: మీ ఆందోళన అర్థమవుతుంది, కోచింగ్ ఫీజులు కట్టేది మీరు. అయినా చెడిపోవడం అంటే ఇది కాదు. మన అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం అని ఒక అంశమే ఉంది. అవధాని పద్యం కడుతుంటే పృచ్ఛకుడు ఒకరు సంబంధం లేని ప్రశ్నలు వేస్తూనే ఉంటారు, సభంతా ఆయన కోసమే ఎదురుచూస్తుంది. హైదరాబాద్‌లో 1972లో మొదలైన కె-సర్కిల్ అనే క్విజ్ క్లబ్ ఈ సరదా మీదే నడుస్తోంది. 1951లో ఐర్లండ్‌లో వేటకు వెళ్లిన హ్యూ బీవర్ అనే పెద్దమనిషికి, యూరప్‌లో అన్నిటికన్నా వేగంగా ఎగిరే వేటపిట్ట ఏదన్న వాదన వచ్చింది. తేల్చే పుస్తకమే దొరకలేదు. ఆయన గిన్నిస్ బీరు కంపెనీకి పెద్ద. 1955లో ఆ రికార్డుల పుస్తకం అలా వచ్చింది. ఈ ముచ్చట్లతో ఉద్యోగం వస్తుందని నేను చెప్పను, సిలబస్ సిలబసే. రోజుకో గంట దోస్తులతో నవ్వి వచ్చే కుర్రాడి గురించి నాకు దిగులు లేదు. దోస్తుల్ని కూడా మానేసి, గది తలుపు వేసుకుని, అన్నం సయించక, బతుకు మీద విరక్తి మాటలు మాట్లాడితే ఆ రోజే తీసుకురండి.

ప్రశ్న: మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో, గుండెపోటు వస్తే గట్టిగా దగ్గితే బతుకుతారని వస్తే నేనూ పదిమందికి పంపాను. అది తప్పని తెలిసింది. ఎవరికైనా ఏమైనా అవుతుందేమోనని వణుకు పుడుతోంది.

జవాబు: మీరు మంచి ఉద్దేశంతోనే పంపారు, ఇప్పటికీ మించిపోయింది లేదు. అదే గ్రూప్‌లో ఇవాళే రాయండి: దగ్గడం చికిత్స కాదు, ఛాతీ మీద బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట కనిపిస్తే వెంటనే 108కు ఫోన్ చేయాలి. మన జాతీయగీతం ప్రపంచంలోకెల్లా ఉత్తమమని యునెస్కో ప్రకటించిందన్న ఫార్వర్డూ అబద్ధమే. కాకపోతే దాన్ని నమ్మితే ఎవరి ప్రాణమూ పోదు. (1919లో టాగోర్ దాన్ని ఇంగ్లిష్‌లోకి అనువదించింది మన మదనపల్లెలోనే, పంపాలనుకుంటే ఇది పంపండి.) ఒంటికి, మందుకు, పసిపిల్లలకు సంబంధించిందైతే డాక్టర్‌నో నర్సునో అడిగేదాకా మీ ఫోన్ దాటనివ్వకండి. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం.

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. ఎప్పుడూ వింతలు చెప్పి నవ్వించేవాడు. వారం నుంచి రాత్రంతా మేలుకునే ఉంటున్నాడు. ఒక సంగతి పూర్తికాకుండానే ఇంకోదానిలోకి దూకుతున్నాడు. అప్పుచేసి రెండు ఫోన్లు కొన్నాడు. దోస్తులు ఫామ్‌లో ఉన్నాడని నవ్వుతున్నారు.

జవాబు: అక్కగా మీరు గమనించింది సరైనదే, దీన్ని మాత్రం నవ్వి వదిలేయకండి. నిద్ర లేకపోయినా అలసట లేకపోవడం, ఆగని మాటలు, తాహతుకు మించిన ఖర్చు కలిసి వస్తే అది ఉన్మాద దశ, అంటే మేనియా కావచ్చు. థైరాయిడ్ వల్లో, ఏదైనా మందు వల్లో కూడా రావచ్చు. వాదించకండి, డబ్బు, బండి తాళాలు మీ దగ్గర పెట్టుకోండి, రేపే మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. కోపంతో మీద పడినా, ప్రాణం తీసుకుంటానన్నా రేపటిదాకా ఆగకుండా దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. అర్ధరాత్రి భయమేస్తే టెలీ మానస్ నంబర్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. మందులకు బాగా లొంగే జబ్బిది. మీ తమ్ముడు మళ్లీ మామూలుగా నవ్వించే రోజు వస్తుంది.

ప్రశ్న: చేవెళ్ల బస్సు ఎక్కితే పక్కనున్నవాళ్లకు మన బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల గురించి చెప్పకుండా ఉండలేను. ఇది వ్యసనమా?

జవాబు: కాదు. మొయినాబాద్ నుంచి మన్నెగూడ దాకా దాదాపు 900 మర్రిచెట్లు, రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టేయొద్దని జనం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు, చెప్పుకోదగ్గ సంగతే. ఎదుటివాళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఆపేయండి, కండక్టర్‌కైతే టికెట్ తీసుకున్నాకే చెప్పండి.