ముద్ర ముందా, నేరం ముందా?

ఇద్దరు పిల్లలు ఒకే తోటలో మామిడికాయలు కోశారు. ఒకణ్ణి చూసి "అల్లరివాడు" అని నవ్వేస్తాం. రెండోవాణ్ణి "దొంగ" అంటాం. పని ఒక్కటే అయినా పేర్లు రెండయ్యాయి. విచలనం అనేది పనిలో ఉండే గుణం కాదని, నియమాలు చేసేవారు కొందరిపై వేసే ముద్ర అని హోవర్డ్ బెకర్ 1963లో 'అవుట్‌సైడర్స్' అనే పుస్తకంలో వాదించాడు. అంతకుముందే ఎడ్విన్ లెమర్ట్ దీన్ని రెండుగా విడదీశాడు. ఎప్పుడో ఒక తప్పు చేయడం ప్రాథమిక విచలనం. లోకం వేసిన ముద్రను తనదిగా ఒప్పుకొని అలాగే బతకడం ద్వితీయ విచలనం.

పరీక్షకు ఇంత చాలు. కానీ మన దేశంలో ఈ ముద్రను సాక్షాత్తు చట్టమే వేసింది.

1871 నాటి నేరస్థ తెగల చట్టం కింద ప్రభుత్వం ఒక తెగ మొత్తాన్ని నేరస్థులుగా ప్రకటించవచ్చు. ఈ చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించారు. మన ఎరుకలవారు అప్పటికి తరతరాలుగా ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరూరా తిరిగి అమ్మేవారు. రైళ్లు, ఉప్పు పన్ను ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. బతుకుదెరువు పోయినా తిరుగుడు మిగిలింది, ఆ తిరుగుడే పోలీసులకు అనుమానమైంది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా ఏర్పడిన సెటిల్‌మెంటే. దాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది.

ఈ చట్టం పనిచేసిన తీరు చూడండి. పేరు నమోదైన మనిషి హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. జబ్బుపడ్డ చుట్టాన్ని చూడడానికి చెప్పకుండా వెళ్తే అదే నేరం! శిక్ష పడితే రికార్డులో మరో కేసు చేరుతుంది. "చూశారా, వీళ్లింతే" అనడానికి ఆ రికార్డే సాక్ష్యం. చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా మొదట తట్టేది ఈ తలుపులనే. అలాంటి మనిషికి పని ఎవరిస్తారు?

అయితే ముద్రతోనే అన్నీ తేలిపోవు. అసలు మొదటి దొంగతనం ఎందుకు జరిగిందో ఈ సిద్ధాంతం చెప్పలేదు. అక్కడ ఆకలిని, భూమి లేకపోవడాన్ని లెక్కలోకి తీసుకోవాలి. స్టువర్టుపురంలో హేమలతా లవణం వంటివారు సంస్కరణకు పూనుకున్నప్పుడు మనుషులు మారగలరని నమ్మే పని మొదలుపెట్టారు, ముద్ర మాత్రం నెమ్మదిగానే కదిలింది.

మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. ఆ తెగలను ఇప్పుడు విముక్త జాతులు అంటున్నాం. కానీ దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. కొన్ని జైలు మాన్యువళ్లలో విముక్త జాతులపై పాత అనుమానం అలాగే ఉండిపోయింది. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ఆ నిబంధనలను కొట్టివేసింది. చట్టం రద్దయ్యాక 72 ఏళ్లకు!