లైటు మెడలోని రబ్బరు రింగు

చిరంజీవి సురేష్‌కి,

ఆకివీడు దగ్గర రొయ్యల చెరువుల మీద రాత్రి డ్యూటీకి కుదిరావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. జీతం, తిండి, పడక సంగతులు ఆవిడ అడిగే ఉంటుంది. నేను నీ చేతిలోని టార్చిలైటు గురించి రాస్తున్నాను. పంపుల సీళ్లు మార్చే పనిలోనే బతికినవాణ్ణి కాబట్టి, నీళ్లు ఎక్కడెక్కడ దూరతాయో నీకు చెప్పకుండా ఉండలేను.

చెరువులో ఆక్సిజన్ అడుగంటేది తెల్లవారుజామునే. రాత్రంతా రొయ్యలూ, నాచూ, అడుగున కుళ్లే మేతా దాన్ని వాడుకుంటూనే ఉంటాయి. ఎండ పొడిచేదాకా కొత్తది పుట్టదు. ఆ వేళ నువ్వు గట్టెక్కి లైటు వేసి చూడాలి. వెలుగు పడగానే రొయ్యల కళ్లు ఎర్రగా నిప్పురవ్వల్లా మెరుస్తాయి. అవి పైకి తేలి అంచులకు చేరుతుంటే వెంటనే ఏరియేటర్ల వైపు పరుగెత్తాలి. గట్టు పొడుగునా కరెంటు వైర్లు, కాళ్ల కింద తడి. అక్కడ లైటు ఆరిపోతే పోయేది పంట ఒక్కటే కాదురా, అందుకే నాకీ బెంగ.

పగటిపూట, పొడి చోట, చేతులు తుడుచుకుని నీ లైటు వెనక మూత విప్పు. మరల పక్కన సన్నని గాడి, అందులో నల్లటి రబ్బరు రింగు కనిపిస్తాయి. అదే ఓ-రింగు. గాడి లోతు రింగు మందం కంటే కాస్త తక్కువగా ఉంటుంది. మూత బిగించినప్పుడు రింగు నలుగుతుంది, నలిగిన రబ్బరు మళ్లీ లేవాలని రెండు వైపులా గోడల్ని నెడుతుంది. నీటిని ఆపేది ఆ నెట్టుడే. బయట నీటి ఒత్తిడి పెరిగితే రింగు గాడిలో ఒక పక్కకు జరిగి ఇంకా గట్టిగా కరుచుకుంటుంది. డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సెన్‌కి దీని మీద 1939లో పేటెంటు దక్కింది. నేను విప్పిన మోటార్లన్నిటిలోనూ పనిచేసింది ఆ కిటుకే.

ఆ నలిగిన రబ్బరు తిరిగి లేవకపోతే ఏమవుతుందో లోకమంతా చూసింది. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక ఆకాశంలో విరిగిపోయి ఏడుగురు చనిపోయారు. రాకెట్ అతుకులోని రింగు రబ్బరు చలికి బిగుసుకుని సమయానికి లేవలేదు. విచారణలో ఫైన్‌మన్ అనే శాస్త్రవేత్త ఆ రబ్బరు ముక్కను చిన్న బిగింపులో నొక్కి, ఐసు నీళ్లలో ముంచి తీసి, అది వెంటనే లేవడం లేదని అందరి ముందూ చూపించాడు. మన ప్రాంతంలో చలితో పేచీ లేదు. మన రింగుల్ని చంపేవి ఎండ, వయసు, ఇసుక. కాబట్టి రింగు తీసి పక్క నుంచి చూడు. గుండ్రంగా ఉండాల్సిన ఒళ్లు ఒక వైపు బల్లపరుపుగా అణిగిపోతే దాని పని అయిపోయింది, మార్చేయ్.

తీసేటప్పుడు సూది, బ్లేడు దగ్గరికి రానీకు. గాడి గోడ మీద ఒక్క గీత పడినా నీటికి దారి. రెండు వేళ్లతో రింగును ఒక చోటికి నెడితే చిన్న ఉచ్చులా లేస్తుంది, అప్పుడు గోటితో మెల్లగా పైకి తియ్యి. వేళ్ల మధ్య చుట్టూతా జార్చి చూడు, కంటికి కనపడని చీలిక కూడా వేలికి తగులుతుంది. గాడిని పీచు రాలని గుడ్డతో తుడువు. ఒక్క వెంట్రుక అడ్డం పడినా ఆ సందులోంచి నీరు ఎక్కుతుంది. పెట్రోలు, కిరసనాయిలుతో కడగొద్దు.

ఇక గ్రీజు. పాడయ్యే లైట్లలో చాలావాటి కథ ఇక్కడే మొదలవుతుంది. సిలికాన్ గ్రీజే వాడు. ఆర్వో ఫిల్టర్లు బిగించే కుర్రాళ్లు హౌసింగ్ రింగుకి రాసేది అదే. బండి గ్రీజూ వద్దు, వాజలీనూ వద్దు. నల్ల రింగుల్లో నైట్రైల్ రకం ఖనిజ నూనెలకు తట్టుకుంటుంది గానీ, ఈపీడీఎం అనే రకం ఉబ్బి మెత్తబడిపోతుంది. రెండూ నల్లగానే ఉంటాయి, చూపుతో తేల్చలేవు. కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగురు కడుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొడితే ఉన్న గ్రీజు కూడా కరిగిపోతుంది. ఒక్క జాగ్రత్త: రింగే సిలికాన్ రబ్బరుదైతే సిలికాన్ గ్రీజు దాన్ని ఉబ్బిస్తుంది. నీ రింగు ఎర్రగానో, పాలలా తెల్లగానో ఉంటే ముందు నాకు ఫొటో పంపు.

చాలామంది గ్రీజే నీళ్లను ఆపుతుందనుకుని గాడి నిండా కూరతారు. ఆపేది రబ్బరే. మూత తిప్పేటప్పుడు రింగు మెలిపడకుండా, చిరగకుండా, ఎండిపోకుండా చూడ్డమే గ్రీజు పని. వేళ్ల మధ్య రుద్దినాక రింగు తళుక్కుమంటే చాలు. తెల్లగా ముద్దలు కనిపిస్తే ఎక్కువైనట్టే, దానికి గట్టు మీది ఇసుకంతా అంటుకుంటుంది. మరల్లో పాత గ్రీజు, అల్యూమినియం పొడి కలిసి నల్లటి ముద్దవుతుంది. దాన్ని పూర్తిగా తుడిచాకే కొత్తది సన్నగా పుయ్యి. గొట్టం చివర రంగు లేని అంచుకు మాత్రం అంటనీకు. చాలా లైట్లలో కరెంటు అక్కణ్ణుంచే పారుతుంది, అక్కడ జిడ్డు చేరితే వెలుగు మినుకుమినుకుమంటుంది.

వెనక బటన్ మీది రబ్బరు టోపీ పగిలిందేమో చూడు. ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు రేకంటే నాకు అసలు నమ్మకం లేదు. గట్టు మీద దాన్ని తెరవకు, లోపల తడి ఉండగా ఛార్జింగ్ పెట్టకు.

చెరువు నీటిలో ఉప్పుంటుంది కదా, డ్యూటీ దిగగానే లైటును మూత బిగించి ఉండగానే మంచినీళ్లతో కడిగి, ఆరాకే విప్పు. చాలాసేపు వెలిగి వేడెక్కిన లైటును నీళ్లలో ముంచకు. లోపలి గాలి చల్లబడి కుంచించుకుని బయటి నీటిని లాగుతుంది.

కొనేటప్పుడు అట్ట మీద ‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాట చూసి ఆగిపోకు, దాని రేటింగు కూడా చూడు. ఐపీఎక్స్4 అంటే చినుకులు, చిమ్మే నీళ్ల వరకే. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతులో అరగంట. అదీ కొత్త లైటుతో, మంచినీళ్లలో చేసే పరీక్ష. నీ లైటు సంగతి నువ్వే తేల్చుకో: బ్యాటరీ తీసేసి, లోపల టిష్యూ కాగితం పెట్టి మూసి, గోరువెచ్చని నీళ్ల బకెట్లో ముంచు. లోపలి గాలి వేడికి వ్యాకోచించి, కన్నం ఉంటే అక్కడ బుడగలు వరసగా లేస్తాయి. అరగంటయ్యాక పైన బాగా తుడిచి విప్పితే కాగితమే చెబుతుంది.

ఎప్పుడైనా నీళ్లు దూరితే ముందు బ్యాటరీ తియ్యి. చెరువు నీరైతే లోపల కూడా మంచినీళ్లతో ఒకసారి కడిగి, నీడలో ఫ్యాను కింద ఆరబెట్టు. ఉప్పునీళ్లలో తడిసిన లిథియం బ్యాటరీని మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు, అది అంటుకుంటే ఆర్పడం కష్టం. డబ్బులకు వెనకాడకు, కొత్తది నేను కొనిస్తాను.

అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు పడకముందే రింగులు మార్చుకో. పాత రింగు చేతిలో పట్టుకుని కొట్టుకెళ్లు, లోపలి వ్యాసంతో పాటు రబ్బరు మందం కూడా కొలిపించు. మందం కొంచెం తగ్గినా అది నలగదు, నలగకపోతే ఆపదు. మిగిలినవి కవర్లో వేసి చీకట్లో ఉంచు, మేకుకి తగిలించకు.

ఆదివారం మీ అమ్మ వస్తోందిగా, ఆవిడ చేత సిలికాన్ గ్రీజు ట్యూబు పంపిస్తున్నాను. బకెట్లో ముంచి చూసి బుడగలు ఏ పక్కన లేచాయో ఫోను చెయ్యి. తల దగ్గర, అద్దం వైపు నుంచి వస్తుంటే నువ్వు విప్పకు, నా దగ్గరికి పట్రా.

ఇట్లు,
మీ మావయ్య