దూరం నడిచే కాళ్ళకు మంచి చెప్పులు

గుండుగొలను చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ద్వారకా తిరుమలకు నడిచి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. మనం చిన్న తిరుపతి అనేది ఆ కొండనే. భీమడోలు నుంచి కొండకు సుమారు 15 కిలోమీటర్లు. కిలోమీటరుకు 1,300 అడుగుల పైనే వేస్తాం. లెక్క కట్టండి. మొత్తం దాదాపు 20 వేల అడుగులు! ప్రతి అడుగుకూ ఒంటి బరువు పాదాల మీదే పడుతుంది.

"మొక్కు కదమ్మాయ్! ఉత్త కాళ్ళతోనే నడుస్తాను" అంది ఒక అత్తగారు. ఆమెకు షుగరు ఉంది.

"అత్తయ్యా, మీ పాదాలకు స్పర్శ తగ్గింది. ముల్లు దిగినా మీకు తెలియదు. మనం మొక్కుకున్నది నడిచి వస్తామని. గుడి దగ్గర చెప్పులు విడుద్దాం. దారిలో మాత్రం వేసుకోండి" అంది కోడలు.

కోడలు చెప్పింది నిజం. షుగరు చాలాకాలం ఉంటే పాదాల నరాలు దెబ్బతినవచ్చు. అప్పుడు నొప్పి తెలియదు. చిన్న పుండే ముదిరి, వేలు తీసెయ్యాల్సి రావచ్చు. ఒక్కోసారి కాలే పోవచ్చు.

చెప్పులు ఎలా ఎంచుకోవాలి?

సాయంత్రం పూట కొనండి. పగలంతా తిరిగితే పాదం కొంచెం ఉబ్బుతుంది. కాగితం మీద నిలబడి, రెండు పాదాల చుట్టూ గీత గీయించుకోండి. గీత వెంట కత్తిరించి, ఆ కాగితాలు కొట్టుకు తీసుకెళ్ళండి. బూటులో పెడితే కాగితం మడత పడిందా? ఆ బూటు ఇరుకు. రెండు పాదాల్లో పెద్దదానికి సరిపోయేవే కొనండి. వేళ్ళ ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి.

అరిగిన హవాయి చెప్పులు దూరపు నడకకు పనికిరావు. పాదం జారుతుంది. వేలి సందు ఒరుసుకుపోతుంది. మడమ వెనక పట్టీ ఉన్నవి మేలు. అడుగు భాగం మందంగా ఉండాలి. వేళ్ళ మొదట్లో వంగాలి, నడిమికి మడత పడకూడదు.

బూటు లోపల వేసే మెత్తను కొట్లో సోలు అంటారు. పాత సోలు తీసి కొత్తది వేయండి. వేశాక బూటు బిగుతైతే ఆ సోలు వద్దు. తడిస్తే బయటికి తీసి ఆరబెట్టండి.

కొత్త చెప్పులతో ఒకేసారి దూరం నడవకండి. ముందు రెండు వారాలు రోజూ కాసేపు వేసుకుని తిరగండి. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి చూడండి. రాయో, మేకో ఉండొచ్చు.

బొబ్బ వస్తే చిదమకండి. సబ్బునీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టండి. షుగరు ఉన్నవాళ్ళు వెంటనే ఆసుపత్రిలో చూపించుకోవాలి.

మాట్లాడుకుందాం

1. మీ చెప్పు ఎక్కడ ఎక్కువ అరిగింది?
2. మీ ఇంట్లో షుగరు ఉన్నవాళ్ళ పాదాలు రోజూ ఎవరు చూస్తున్నారు?