మందుల లెక్కకు దారి వేసిన తెలుగు శాస్త్రవేత్త – సి. ఆర్. రావు గారు

 ఈసారి సైన్సు పాఠంలో ఒక లెక్కల శాస్త్రవేత్త గురించి రాస్తున్నాను. లెక్కలంటే భయపడే వాళ్ళు కూడా చివరిదాకా చదవండి. ఎందుకంటే ఆ లెక్క మన రక్తపరీక్ష చీటీ దాకా వచ్చి ఉండాది.

మన వయసు ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. అది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. దానికి వారానికి ఒక నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. మరి ఆ మాత్ర పని చేస్తుందని ఎవరు తేల్చినారు? ఒక డాక్టరు ఒక మనిషిని చూసి తేల్చలేదు. చానా మందిని చూసి, రాసి, లెక్క కట్టి తేల్చినారు. ఇట్లా మనుషుల ఆరోగ్యం మీద లెక్క కట్టే విద్యను వైద్య గణాంక శాస్త్రం అంటారు. మన లెక్కల పుస్తకంలోని సాంఖ్యక శాస్త్రం పాఠమే దానికి మొదటి మెట్టు. ఆ విద్యకు పునాది రాళ్ళు వేసిన వాళ్ళలో ఒకరు మన తెలుగాయన.

పుట్టుక, చదువు

ఆయన పూర్తి పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920 సెప్టెంబరు 10న హడగలి అనే ఊళ్ళో పుట్టినారు. ఆ ఊరు అప్పుడు మద్రాసు రాజధానిలో బళ్ళారి జిల్లా కింద ఉండేది. ఇప్పుడు కర్ణాటకలో ఉంది. పదిమంది పిల్లల్లో ఈయన ఎనిమిదో బిడ్డ. శ్రీకృష్ణుడు కూడా ఎనిమిదో బిడ్డే గదా, అందుకే ఆ పేరు పెట్టినారు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. బడి చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం అని ఊర్లు మారుతూ సాగింది. గూడూరు మనకు తెలిసిందే, తిరుపతిలో రైలెక్కితే వస్తుంది.

వాళ్ళ అమ్మ లక్ష్మీకాంతమ్మ గారు రోజూ తెల్లవారి 4 గంటలకే లేపి, నూనె దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేదంట. ఈ మాట ఆయనే తన పుస్తకంలో రాసుకున్నారు. ఆయనది చదువుకున్న ఇల్లు, మనలాంటి ఇల్లు కాదు. మా ఇంట్లో నేనే మొదట పలక పట్టినాను. అయినా తెల్లవారి లేవడానికి ఇల్లు ఏదైతే ఏమి? మనకు దీపం బదులు హాస్టలు బెల్లు ఉంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినాక ఉద్యోగం కోసం కలకత్తా పోయినారు. సైన్యానికి సంబంధించిన సర్వే ఉద్యోగం అది. వయసు చిన్నదని తీసుకోలేదు. కానీ అక్కడే భారత గణాంక సంస్థ గురించి తెలిసింది. దాన్ని 1931లో మహలనోబిస్ గారు స్థాపించినారు. రావు గారు 1941లో అందులో చేరినారు. 1943లో కలకత్తా విశ్వవిద్యాలయంలో గణాంక శాస్త్రంలో ఎం.ఏ. ముగించినారు. దగ్గర దగ్గర 40 ఏండ్లు ఆ సంస్థలోనే పని చేసినారు.

ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న

రావు గారు చిన్న వయసులోనే అక్కడ పాఠం చెప్పేవారు. ఒక రోజు తరగతిలో ఫిషర్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త కనిపెట్టిన ఒక ఫలితం చెప్తా ఉంటే, దాండేకర్ అనే విద్యార్థి లేచి ప్రశ్న అడిగినాడు. ‘ఇది చానా ఎక్కువ మందిని కొలిచినప్పుడు సరే, కొద్దిమందినే కొలిస్తే ఎట్లా?’ అనేది ఆ ప్రశ్న భావం. రావు గారు ఆ రాత్రంతా కూర్చుని జవాబు పట్టినారు. దాన్ని 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో అచ్చు వేసినారు. అప్పుడు ఆయనకు 25 ఏండ్లు. అడిగిన దాండేకర్ గారు కూడా తరువాత పేరున్న ఆర్థికవేత్త అయినారు. అక్కలారా, తరగతిలో ప్రశ్న అడగడానికి సిగ్గు పడవద్దు.

ఆ వ్యాసంలో ఏముంది?

రెండు సంగతులు నాకు అర్థమైనంత వరకు చెప్తాను. కింది అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి, ఎవరి చీటీలోవీ కావు.

ఒక గదిలో ఐదుగురు అమ్మాయిలు. వాళ్ళ హిమోగ్లోబిన్ 13, 9, 11, 12, 10. కూడితే 55. ఐదుతో భాగిస్తే సగటు 11. ఇప్పుడు మొదటి అమ్మాయి చీటీ ఒక్కటే చూసి గది సంగతి చెప్పమంటే 13 అని, అందరూ బాగున్నారని చెప్తాము. రెండో అమ్మాయి ముందు వచ్చి ఉంటే 9 అని, అందరికీ జబ్బు అని చెప్తాము. ఎవరు ముందు వచ్చినారు అనేది అదృష్టం. జవాబు అదృష్టం మీద నిలబడకూడదు. చేతిలో ఉండే చీటీలన్నీ వాడుకుంటే జవాబు నిలకడగా ఉంటుంది. ముతక అంచనాను ఇట్లా మెరుగు చేసే పద్ధతికి రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం అని పేరు. సగటు దానికి చిన్న ఉదాహరణ మాత్రమే. పెద్ద పెద్ద లెక్కల్లో కూడా ఇది పనిచేస్తుంది.

రెండోది క్రామెర్–రావు హద్దు. కొద్దిమందిని కొలిచి అందరి గురించి చెప్పేటప్పుడు కొంచెం తేడా వస్తుంది. ఎంత తెలివైన సూత్రం వేసినా, మొత్తం మీద ఆ తేడా ఒక హద్దు కంటే తగ్గదు అని రావు గారు నిరూపించినారు. పల్లంలో బియ్యం ఎంత ఉందో అంతే అన్నం ఉడుకుతుంది, వంట ఎంత బాగా వచ్చినా బియ్యం పెరగదు. అట్లనే ఇది. తేడా తగ్గాలంటే ఇంకా మందిని కొలవాలి. ఎంతమందిని? సగటు విషయంలో 25 మందికి బదులు 100 మందిని చూస్తే తేడా సగమవుతుంది. నాలుగింతలు కష్టపడితే సగం తగ్గుతుందన్నమాట. మనం నేర్చుకున్న వర్గమూలం ఇక్కడ పనికి వచ్చింది.

వైద్యానికి ఎట్లా ఉపయోగం?

రావు గారు మందులు కనిపెట్టలేదు, రోగులను చూడలేదు. ఆయన చేసింది పనిముట్లు. కమ్మరి కొడవలి చేస్తే కోత కోసేది వేరేవాళ్ళు గదా. 1946లో ఆయన కేంబ్రిడ్జి పోయినారు. అక్కడ మ్యూజియంలో సూడాన్ దేశం నుంచి తెచ్చిన పాతకాలపు మనుషుల ఎముకల కొలతల మీద పని చేసినారు. ఫిషర్ గారి దగ్గరే 1948లో డాక్టరేటు తీసుకున్నారు. అదే ఏడాది ‘స్కోరు పరీక్ష’ అనే పద్ధతి ఇచ్చినారు. కొత్త మందు, పాత మందు రెండూ ఒకటే అనుకుని మొదలుపెడతారు. రోగుల లెక్క ఆ మాటను ఎంత గట్టిగా వెనక్కి నెడుతుందో చూస్తారు. చానా గట్టిగా నెడితే రెండూ ఒకటి కావని తేలుతుంది. క్యాన్సర్ మందుల పరిశోధనలో ఏ మందు వాడినోళ్ళు ఎన్నాళ్ళు బతికినారో పోల్చే పేరున్న పరీక్ష కూడా ఈ కోవలోదే. 1958లో ఎదుగుదల గీతలను పోల్చే పద్ధతి మీద కూడా రాసినారు. పిల్లల ఎత్తు, బరువు ఒక్కసారి కాకుండా మళ్ళీ మళ్ళీ కొలిచినప్పుడు అది పనికొస్తుంది.

‘పేరు చెప్పడం’ అంటే ఏమి?

ఒక పరిశోధకుడు వ్యాసం రాసేటప్పుడు, ఎవరి పని మీద ఆధారపడినాడో వాళ్ళ పేరు చెప్పి తీరాలి. దాన్ని సైటేషన్ అంటారు. మందాకు చూపించిన అవ్వ పేరు చెప్పి మందు ఇచ్చినట్టు. ఎంతమంది పేరు చెప్పినారో లెక్కపెట్టి, ఆ పని ఎంత దూరం పోయిందో కొలుస్తారు. రావు గారి వ్యాసాలను, 1965లో వచ్చిన ఆయన పెద్ద పుస్తకాన్ని వేల పరిశోధనల్లో పేర్కొన్నారు.

కానీ ఇందులో ఒక విచిత్రం ఉంది. ఒక పని మరీ గొప్పదైతే దాని సైటేషన్లు తగ్గుతాయి! ఎందుకంటే అది పాఠ్యపుస్తకంలోకి పోతుంది. ‘రావు–బ్లాక్‌వెల్’ అని ఊరికే రాసేస్తారు, 1945 నాటి వ్యాసం పేరు రాయరు. సున్నా వాడేటప్పుడు ఎవరు కనిపెట్టినారని మనం రాస్తామా? కాబట్టి సైటేషన్ల సంఖ్య ఒక్కటే చూస్తే సరైన బరువు తెలియదు. మనిషి పేరు శాస్త్రంలో మామూలు మాట అయిపోవడం అన్నిటికన్నా పెద్ద సైటేషన్ అని నాకు అనిపించింది.

ఆ జంట పేర్లు కూడా చూడండి. క్రామెర్ స్వీడన్ దేశస్థుడు, తన పుస్తకంలో ఆ ఫలితం 1946లో ఇచ్చినారు. బ్లాక్‌వెల్ అమెరికా నల్లజాతి గణితవేత్త, 1947లో వేరుగా తానే కనుక్కున్నారు. నల్లవాడని ఆయన్ని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పాఠాలకు కూడా రానియ్యలేదు. ఇప్పుడు ఆయన పేరు లేకుండా అదే పాఠం చెప్పలేరు.

తయారు చేసిన శిష్యులు కూడా పరిశోధన బరువులో భాగమే. రావు గారి శిష్యుడు వరదన్ గారికి 2007లో గణితంలో పెద్దదైన ఏబెల్ బహుమతి వచ్చింది. రావు గారికి 1968లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ వచ్చినాయి. తరువాతి కాలం అమెరికాలో పని చేసినారు. 2023లో అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి ఇచ్చినారు. 1945లో చేసిన పనికి 78 ఏండ్ల తరువాత! అదే ఏడాది ఆగస్టు 22న, 102 ఏండ్ల వయసులో కాలం చేసినారు.

మనకు ఏమి?

1941లో ఉత్తరాదిన కులాల వాళ్ళను, తెగల వాళ్ళను తల, ముక్కు, ఎత్తు అని కొలిచినారు. మహలనోబిస్, మజుందార్, రావు గార్లు ఆ లెక్క కట్టి 1949లో అచ్చు వేసినారు. అది చదివినప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. తెగల వాళ్ళను కొలిచినోళ్ళు ఉన్నారు, కొలిచే వాళ్ళలో మనవాళ్ళు ఎంతమంది?

మా యానాది కాలనీకి ఒకసారి లెక్క రాసుకునే వాళ్ళు వచ్చినారు. రోడ్డు పక్క ఇండ్లు రాసుకుని పోయినారు. చెరువు కట్ట దిక్కున ఉండే ఇండ్లకు రాలేదు. అక్కడే జ్వరాలు ఎక్కువ. అట్లాంటి లెక్కలో రోడ్డు పక్కన ఇంకో వెయ్యి ఇండ్లు కలిపినా చెరువు కట్ట సంగతి తెలియదు. రావు గారి హద్దు కూడా ఇదే దిక్కు చూపిస్తుంది: చేతిలో లేని సమాచారాన్ని ఏ సూత్రమూ పుట్టించలేదు. చెరువు కట్ట దాకా నడిచి పోవాల్సిందే. ఆ దారి తెలిసినోళ్ళం మనమే. కాబట్టి మనలో కొందరైనా ఈ విద్య చదవాలి, తండాల్లో కాలనీల్లో ఇల్లు వదలకుండా రాయాలి. అప్పుడు మన పిల్లల జ్వరం కూడా లెక్కకు వస్తుంది, మందు కూడా వస్తుంది.

కఠిన పదాలు
అంచనా – కొద్దిమందిని చూసి అందరి గురించి చెప్పేది
సైటేషన్ – ఆధారమైన పని చేసినోళ్ళ పేరు చెప్పడం
సాంఖ్యక శాస్త్రం, గణాంక శాస్త్రం – రెండూ ఒకటే

ప్రశ్నలు (జవాబులు రాసి గోడపత్రిక పెట్టెలో వెయ్యండి)
1. 25 మందికి బదులు 225 మందిని కొలిస్తే తేడా ఎన్నో వంతు అవుతుంది?
2. పైన ఐదుగురిలో రక్తహీనత ఎంతమందికి ఉంది? సగటు ఒక్కటే చూస్తే ఆ సంగతి తెలుస్తుందా?
3. మీ ఊళ్ళో లెక్క రాస్తే ఏ ఇండ్లు వదిలిపోయే అవకాశం ఉంది? ఎందుకు?

– 9వ తరగతి విద్యార్థిని