ఒక బండి ఇంజను – మరొక బండి చట్రము

మన పళ్ళికొండ ప్రక్కగా చెన్నై–బెంగుళూరు రహదారి పోవుచున్నది. ఆ దారిని బుల్లెట్టు మోటారు సైకిలు పోవు చప్పుడు విని తలయెత్తని బాలుడు అరుదు. వారిలో కొందరికి, ఒక బండి ఇంజనును తీసి వేరొక బండిలో అమర్చి చూడవలెనను కోరిక కలుగును. అందలి శాస్త్రమెట్టిదో, అపాయమెట్టిదో తల్లిదండ్రులకు తెలియుట మేలని తలంచి మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ పని క్రొత్తది కాదు. 1950లో ఇంగ్లండులోని నార్టన్ సంస్థవారి పందెపు బండ్లకు ‘ఫెదర్‌బెడ్’ అను చట్రము వచ్చెను. దానిని రూపొందించినవాడు రెక్స్ మెక్‌కాండ్లెస్. మలుపులయందు అది మిక్కిలి నిలకడ గలది. ఆ కాలమున 500 సీసీ పందెపు కార్లు కట్టువారు నార్టన్ ఇంజను విడిగా దొరకక, బండినే కొని, ఇంజను తీసికొని చట్రమును వదలివేయుచుండిరి. అట్టి చట్రములలో ట్రయంఫ్ వారి జంట సిలిండర్ల ఇంజను చేర్చగా పుట్టిన బండియే ‘ట్రైటన్’. ట్రయంఫ్, నార్టన్ అను రెండు పేర్ల కలయికయే ఆ పేరు.

అయితే అన్ని చట్రములును ఒక్క తీరున నుండవు. ఫెదర్‌బెడ్ గొట్టములు ఊయలవలె ఇంజను క్రిందుగా చుట్టివచ్చును. మద్రాసు చెంత తిరువొత్తియూరులో తయారైన పాత బుల్లెట్టు సంగతి వేరు. దాని ముందరి గొట్టము ఇంజను వద్దనే ఆగిపోవును. ఇంజనే ఆ చట్రమునకు అడుగు దూలము. దానిని తీసి, చాలినంత బలము లేని పలకలతో వేరొక ఇంజనును బిగించినచో చట్రమే బలహీనమగును. ఇంజను అదురుకు బోల్టులు వదులగును, వెల్డింగు అతుకులు పగులును.

చైను విషయమును అట్టిదే. ముందరి పళ్ళచక్రము, వెనుక పళ్ళచక్రము ఒకే వరుసలో నుండవలెను. లేనిచో చైను త్వరగా అరుగును, ఒక్కొక్కప్పుడు ఊడిపోవును. లెక్కయు కలదు. ముందు 15 పళ్ళు, వెనుక 45 పళ్ళు ఉన్నచో ముందరి చక్రము మూడు సార్లు తిరిగిన వెనుక చక్రము ఒకసారి తిరుగును. ముందు 18 పళ్ళు పెట్టినచో రెండున్నర సార్లే చాలును. అనగా ఇంజను అదే వేగమున తిరిగినను బండి వేగము అయిదవ వంతు హెచ్చును. వేగము హెచ్చిన బండికి పాత బ్రేకులు చాలునా? ఈ ప్రశ్న వేయనివాడు ఆ పనికి పూనుకొనరాదు.

చట్టమును మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ననుసరించి, తయారీదారు నిర్ణయించిన వివరములతో ఆర్.సి. పుస్తకములోని వివరములు విభేదించునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే స్థిరపరచెను. పాడైన ఇంజను స్థానమున అదే తయారీ, అదే రకపు ఇంజను వేయుటకును రవాణా అధికారి అనుమతి కావలెను.

కావున పిల్లవాని ఆసక్తిని అణచవలదు. రోడ్డుమీదికి మాత్రము పోనీయవలదు. కొలబద్ద, అట్టముక్క, పనికిరాని పాత ఇంజను ఒకటి ఇచ్చి, బోల్టు రంధ్రములను కొలిచి అట్టపై గీయుమనుడు. ఆసక్తి నిలిచినచో పదవ తరగతి పిమ్మట ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ విద్యకు పంపుడు. కొలత తెలిసిన చేతికే పనిముట్టు అందవలెనని మా మనవి.